ఆప్తవాక్యం, ఫలదర్శనం: ఉదరవ్యాధులకు వాడే మూలికల ప్రామాణ్యంపై ఒక విచారం

సూక్ష్మజీవుల మూలంగా కడుపులోనూ పేగులలోనూ పుట్టే వ్యాధులకు మొక్కల మందులను నమ్మవచ్చునా అన్న ప్రశ్న పైకి వైద్యానికే చెందినదిగా కనిపించినా, దాని వేళ్లు ప్రమాణ విచారంలో ఉన్నాయి. ప్రమాణమంటే యథార్థ జ్ఞానాన్ని కలిగించే సాధనం. ఒక మాట నిజమని దేనివల్ల తెలుస్తుంది, చెప్పినవారి గొప్పతనం అందుకు చాలునా, కంటికి కనబడిన ఫలితం చాలునా, ఆ ఫలితం కూడా ఒక్కొక్కప్పుడు తప్పుదారి పట్టిస్తుందా అన్న సంగతులను భారతీయ దార్శనికులు శతాబ్దాల తరబడి తర్కించారు. ఆ తర్కంలో వారు మాటిమాటికీ ఎత్తుకున్న ఉదాహరణ ఔషధమే.

నేడు ఈ ప్రశ్నకు రెండు తొందరపాటు సమాధానాలు వినబడుతున్నాయి. ఋషులు చెప్పిన మూలికను పరీక్షకు పెట్టడమే అపచారమని ఒక పక్షం భావిస్తుంది. ప్రయోగశాలలో పుట్టని మందు ఏదైనా మూఢనమ్మకమేనని మరొక పక్షం కొట్టివేస్తుంది. మొదటి పక్షం సంప్రదాయాన్ని కాపాడుతున్నానని అనుకుంటుంది, రెండవది విజ్ఞానాన్ని కాపాడుతున్నానని అనుకుంటుంది; కాని సంప్రదాయ గ్రంథాలను నిదానంగా పరిశీలిస్తే, ఆప్తుని (నమ్మదగినవాని) మాటకు ఆధారం ఫలదర్శనమేనని, అంటే ఆ మాట ప్రకారం నడిచినప్పుడు ఫలం కనబడటమేనని, ఆ గ్రంథాలే తేల్చి చెప్పినట్టు తెలుస్తుంది. అందువల్ల మూలికను నిష్పక్షపాతంగా పరీక్షించడం సంప్రదాయానికి వెలుపలి పని కాదు, సంప్రదాయం తన మీద తానే పెట్టుకున్న బాధ్యత.

గౌతముని న్యాయసూత్రాలలో రెండవ అధ్యాయపు మొదటి ఆహ్నికం (ఉపవిభాగం) చివర వేదప్రామాణ్యాన్ని సమర్థించే సూత్రం ఒకటి ఉంది. మంత్రానికీ ఆయుర్వేదానికీ ప్రామాణ్యం ఉన్నట్టే వేదానికీ ఉందని, మూడింటికీ కారణం వాటిని చెప్పినవారి ఆప్తత్వమేనని దాని సారాంశం. ఇక్కడ గమనించవలసినది వాదం నడిచే దిశ. వేదం ప్రమాణం కాబట్టి వైద్యం ప్రమాణమని సూత్రకారుడు అనలేదు. వైద్యం ప్రమాణమని లోకానికి ముందే తెలిసినందువల్ల, దానిని దృష్టాంతంగా నిలిపి వేదప్రామాణ్యాన్ని సాధించాడు. వేదం చెప్పే స్వర్గాది ఫలాలు ఈ లోకంలో కనబడవు, ఔషధఫలం కనబడుతుంది. కనబడే చోట మాట నిలిచింది కాబట్టి కనబడని చోట కూడా అటువంటి వారి మాటను విశ్వసించవచ్చునన్నది న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికుల తర్కం. ఈ నిర్మాణంలో ఔషధఫలం పునాదిరాయి. మందు పనిచేస్తుందో లేదో పరిశీలించవద్దనడం ఆ పునాదిని చూడవద్దనడమే అవుతుంది.

భాష్యకారుడైన వాత్స్యాయనుడు ఈ సూత్రాన్ని వివరిస్తూ ఆప్తులకు మూడు లక్షణాలు చెప్పాడు. విషయాన్ని సాక్షాత్తుగా తెలుసుకుని ఉండటం మొదటిది, ప్రాణుల మీద దయ రెండవది, ఉన్నదున్నట్టు తెలియజెప్పాలన్న కోరిక మూడవది. జ్ఞానం ఉండి దయ లేనివాడు దాచుకుంటాడు. దయ ఉండి జ్ఞానం లేనివాడు మంచి మనసుతోనే హాని చేస్తాడు. రెండూ ఉండి ఉన్నదున్నట్టు చెప్పే తపన లేనివాడు పెంచో తగ్గించో చెబుతాడు. మూడూ కలిసినప్పుడే మాట ప్రమాణమవుతుంది. పాత పుస్తకంలో ఉండటం గాని, పెద్దల నోట వినబడటం గాని, సహజమైనదన్న పేరు గాని ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ బదులు కాజాలదు.

వైద్యగ్రంథాలలోకి వస్తే ఈ విషయంలో రెండు స్వరాలు వినబడతాయి. చరకసంహిత సూత్రస్థానంలోని పదకొండవ అధ్యాయం ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం (గుర్తును బట్టి ఊహించడం), యుక్తి అని నాలుగు పరీక్షలను పేర్కొంటుంది. వీటిలో యుక్తి ప్రత్యేకమైనది. అనేక కారణాలు కలిసి ఒక ఫలాన్ని పుట్టించే తీరును గ్రహించే బుద్ధికి ఆ పేరు. నీరు, దున్నిన నేల, విత్తనం, ఋతువు కలిస్తేనే పంట పండుతుందని చరకమే దీనికి ఉదాహరణ ఇస్తుంది. సుశ్రుతసంహిత మాత్రం ద్రవ్యాల గుణాలను గురించి చెబుతూ, ప్రత్యక్షంగా ఫలం చూపుతూ స్వభావసిద్ధమై ఉన్న ఔషధాలను ఒట్టి తర్కంతో శోధించవద్దని హెచ్చరిస్తుంది. ఎన్ని హేతువులు పేర్చినా అంబష్ఠాది గణం విరేచనకారి కాబోదన్నది అక్కడి దృష్టాంతం. ఈ మాటను పరీక్షకు నిషేధంగా చూపేవారు లేకపోలేదు. కాని సుశ్రుతుడు వద్దన్నది ఫలాన్ని పక్కకు నెట్టే శుష్కతర్కాన్ని, పరీక్షను కాదు. అంబష్ఠాది గణం విరేచనం చేయించదని తెలిసింది వాడి చూసినందువల్లనే. ఆ గణం అతిసారానికి, అంటే నీళ్లవిరేచనాలకు, చెప్పిన మందుల గుంపు కావడం, అందులో ధాతకీపుష్పం, లొద్దుగలతో పాటు మారేడుకాయ గుజ్జు కూడా ఉండటం ఈ విచారానికి నేరుగా పనికివచ్చే సంగతి.

అయితే ఫలం కనబడిందని ఎప్పుడు అనవచ్చు? ఇదే ఈ విచారంలో అన్నిటికన్నా కఠినమైన చిక్కు. సూక్ష్మజీవుల వల్ల వచ్చే విరేచనాలు చాలావరకు కొద్ది రోజులలో వాటంతట అవే తగ్గిపోతాయి. మూడవ నాడు కషాయం తాగిన రోగికి నాలుగవ నాడు తెరిపి ఇస్తే, ఆ తెరిపి కషాయానిదో కాలానిదో ఒక్క రోగిని చూసి చెప్పడం సాధ్యం కాదు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకే క్షణంలో జరిగినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదని కాకతాళీయ న్యాయం ఏనాడో హెచ్చరించింది. అందుకే నైయాయికులు కార్యకారణ సంబంధాన్ని తేల్చడానికి అన్వయ వ్యతిరేకాలు రెండూ కావాలన్నారు. కారణం ఉన్నప్పుడు కార్యం ఉండటం అన్వయం. కారణం లేనప్పుడు కార్యం లేకపోవడం వ్యతిరేకం. మందు తీసుకున్నవారు బాగుపడటం అన్వయం మాత్రమే. అదే వ్యాధి ఉండి ఆ మందు తీసుకోని వారి గతి ఏమిటో తెలిస్తే తప్ప వ్యతిరేకం సిద్ధించదు. రోగులను రెండు వర్గాలుగా, ఏ పక్షపాతానికీ తావు లేకుండా చీటీలు తీసినట్టు విడదీసి, ఒక వర్గానికి మందు ఇచ్చి మరొక వర్గంతో పోల్చి చూసే నేటి వైద్యపరీక్ష ఈ వ్యతిరేకాన్ని క్రమబద్ధంగా సంపాదించే ఉపాయమే.

దారుహరిద్ర అనే మానుపసుపులో ఉండే బెర్బెరిన్ అనే పదార్థం ఇటువంటి పరీక్షకు నిలిచింది. బంగ్లాదేశ్‌లో 165 మంది వయోజనుల మీద జరిగి 1987లో ప్రచురితమైన అధ్యయనంలో, విషాన్ని స్రవించే ఒక రకం ఇ. కోలై బాక్టీరియా వల్ల విరేచనాలు పట్టుకున్నవారిలో బెర్బెరిన్ తీసుకున్న వర్గంలో 42 శాతం మందికి ఒక రోజులోపే విరేచనాలు ఆగాయి. తీసుకోని వర్గంలో అలా ఆగినది 20 శాతం మందికే. కలరా రోగులలో మాత్రం దాని మేలు స్వల్పంగానే తేలింది, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌కు అది సాటి రాలేదు. తీసుకోని వర్గంలో కూడా అయిదుగురిలో ఒకరికి ఒక్క రోజులోనే తగ్గిందన్న సంగతి వ్యతిరేకం ఎందుకు అవసరమో చెబుతుంది. ఒక వ్యాధిలో పనిచేసినది దాని పక్కనే ఉన్న మరొక వ్యాధిలో అంతగా పనిచేయలేదన్న సంగతి మూలిక పేరుకు వ్యాధి పేరును కచ్చితంగా జతచేయవలసిన అగత్యాన్ని చెబుతుంది.

మారేడు విషయం ఇంకా లోతైనది. లేత మారేడుకాయను ఎండబెట్టి కాచిన కషాయాన్ని ముంబైలోని పరిశోధకులు వేర్వేరు వ్యాధికారక సూక్ష్మజీవుల మీద పరీక్షించి 2009లో ఫలితాలు వెల్లడించారు. ఆ కషాయం వారు తీసుకున్న బాక్టీరియాలలో దేనినీ చంపలేదు. అయితే అవి కణాలకు అతుక్కోవడాన్నీ, కణాల లోపలికి చొచ్చుకుపోవడాన్నీ అది తగ్గించింది. కలరా విషం తయారవడానికీ, ఆ విషం పేగు కణాల మీద తాను పట్టుకునే స్థానానికి అంటుకోవడానికీ అడ్డుపడింది. బాక్టీరియాను చంపుతుందా అన్న ఒక్క ప్రశ్నే వేసి ఉంటే మారేడు వ్యర్థమని తేలేది. హాని చేయకుండా ఆపుతుందా అని కూడా అడిగినందువల్ల దాని శక్తి బయటపడింది. చరకసంహిత విమానస్థానం ఏడవ అధ్యాయం క్రిములకు చెప్పిన చికిత్స మూడు మెట్లుగా ఉంటుంది: క్రిమిని బయటికి తీసివేయడం అపకర్షణం, అది బతికే అనుకూల పరిస్థితిని చెడగొట్టడం ప్రకృతివిఘాతం, అది రావడానికి మూలమైన ఆహారవిహారాలను మానడం నిదానపరివర్జనం. ఆ క్రిములు నేటి బాక్టీరియాలేనని అనడం తొందరపాటే అవుతుంది గాని, శత్రువును చంపడమొక్కటే చికిత్స కాదన్న ఆలోచన మాత్రం ఆ వర్గీకరణలో స్పష్టంగా ఉంది. యాంటీబయాటిక్‌లకు లొంగని బాక్టీరియాలు పెరిగిపోతున్న ఈ కాలంలో, చంపకుండా నిరాయుధం చేసే మందుల కోసం శాస్త్రజ్ఞులు వెదుకుతున్న వేళ, ఆ ఆలోచన విలువ తగ్గలేదు, పెరిగింది. అయినా ప్రయోగశాలలో కణాల మీద కనబడినది రోగి దేహంలో కూడా జరుగుతుందని వేరుగా నిరూపించవలసే ఉంటుంది.

ఈ చివరి మాటకు బలమైన సాక్ష్యం వెల్లుల్లి. జీర్ణాశయపు పొరలో నివసించే హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియాను వెల్లుల్లి రసం గాజుపాత్రలో అణచివేస్తుంది. 1999లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో ఆ బాక్టీరియా ఉన్న కొందరికి భోజనంతో పాటు పది పచ్చి వెల్లుల్లి రెబ్బలు ఇచ్చి చూస్తే ఎటువంటి ప్రభావమూ కనబడలేదు. పోలిక కోసం ఇచ్చిన బిస్మత్ మందు మాత్రం అదే పరీక్షలో తన ప్రభావం చూపింది. గాజుపాత్రలో మందు తిన్నగా బాక్టీరియాను చేరుతుంది. జీర్ణాశయంలో ఆమ్లం, ఆహారం, బాక్టీరియాకు కోటగోడలా నిలిచే జిగురుపొర, ఎప్పటికప్పుడు కిందికి జారిపోయే ద్రవం ఉన్నాయి. అనేక కారణాల కలయికను చూసే బుద్ధి అని చరకం చెప్పిన యుక్తి అక్కరకు వచ్చేది ఇటువంటి చోటనే.

హెలికోబాక్టర్ ప్రత్యక్షానికి ఉన్న పరిమితిని కూడా బయటపెడుతుంది. జీర్ణాశయపు పుండ్లకు మనోవ్యాకులత, కారం, ఆమ్లం కారణాలని నిపుణులందరూ నమ్ముతున్న కాలంలో, ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి చెందిన బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే వైద్యులు ఈ బాక్టీరియాను గుర్తించి అసలు కారణం ఇదేనన్నారు. 1984లో మార్షల్ ఆ బాక్టీరియాను స్వయంగా తాగి జీర్ణాశయపు వాపు తెచ్చుకుని చూపాడు. ఇద్దరికీ 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆధునిక వైద్యంలో కూడా ఆప్తులుగా చెలామణి అయినవారి మాట పరీక్ష ముందు ఓడిపోగలదని, ఆ ఓటమిని ఒప్పుకోగలగడమే విద్యకు బలమని ఈ చరిత్ర చెబుతుంది. ఈ బాక్టీరియా ఉన్నవారిలో ఎక్కువ మందికి ఏ బాధా తెలియదు. అయినా అది ఏళ్ల తరబడి పొరను దెబ్బతీసి కొందరిలో పుండుకు, కొద్దిమందిలో క్యాన్సర్‌కు దారి తీస్తుంది. 1994లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని మనుషులలో క్యాన్సర్ కలిగించే కారకాల మొదటి వర్గంలో చేర్చింది. అతిమధురం చప్పరించిన రోగికి మంట చల్లారవచ్చు, కాని మంట చల్లారడం ఒక ఫలం, బాక్టీరియా తొలగడం వేరొక ఫలం. మొదటిది రోగికి తెలుస్తుంది. రెండవది శ్వాసపరీక్ష వంటి సాధనాల ద్వారా అనుమానప్రమాణంతో మాత్రమే తెలుస్తుంది. ఒక ఫలాన్ని చూసి మరొక ఫలం సిద్ధించిందని అనుకోవడం వల్ల వ్యాధి లోపల నిశ్శబ్దంగా సాగిపోయే ప్రమాదం ఉంది. ఆమ్లాన్ని తగ్గించే మందుతో పాటు రెండు మూడు ఔషధాలను పది నుంచి పద్నాలుగు రోజుల పాటు ఇచ్చి, ముగిసిన నాలుగు వారాల తరువాత మళ్లీ పరీక్షించే నేటి పద్ధతికి కారణం ఇదే.

ఫలాలను విడదీసి చూడవలసిన అవసరాన్ని చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రంలో లిన్‌చు అనే ప్రాంతంలో జరిగిన సుదీర్ఘ అధ్యయనం ఇంకా చక్కగా చూపింది. 1995లో 3,365 మందితో మొదలైన ఆ అధ్యయనంలో కొందరికి హెలికోబాక్టర్‌ను తొలగించే మందులు రెండు వారాలు, కొందరికి వెల్లుల్లి సారం, కొందరికి విటమిన్లు ఏడేళ్లకు పైగా ఇచ్చారు. ఇరవై రెండేళ్ల తరువాత లెక్క చూస్తే, రెండు వారాల మందులు జీర్ణాశయ క్యాన్సర్ రావడాన్ని సుమారు సగానికి తగ్గించాయి. వెల్లుల్లి వల్ల క్యాన్సర్ రావడంలో నిర్ధారణగా చెప్పదగిన తగ్గుదల కనబడలేదు గాని, ఆ క్యాన్సర్‌తో మరణించడం తగ్గినట్టు తేలింది. కాబట్టి వెల్లుల్లి పనిచేస్తుందా అన్న ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు లేదు. ఏ ఫలానికి, ఎంత కాలానికి, ఎవరిలో అని అడిగితేనే జవాబు ఉంటుంది.

మందు ఫలించనప్పుడు ఏమనాలన్నది మరొక ప్రశ్న. పుత్రకామేష్టి చేసినా సంతానం కలగలేదు కాబట్టి వేదం అసత్యమన్న ఆక్షేపానికి న్యాయసూత్రాలు ఇచ్చిన సమాధానం ప్రసిద్ధం: కర్మలో గాని, కర్తలో గాని, సాధనంలో గాని లోపం ఉండవచ్చునన్నారు. మూలికల పక్షాన కూడా ఇదే సమర్థన తరచు వినబడుతుంది. పథ్యం చేయలేదనీ, కాయ ముదిరిపోయిందనీ, కాచిన తీరు సరిగా లేదనీ అంటారు. ఈ సమర్థనలో నిజం లేకపోలేదు, లేత మారేడుకాయ గుణం పండుకు లేదు కదా. అయితే ఏ వైఫల్యానికైనా పనికివచ్చే సమర్థన చివరికి ఏ విజయాన్నీ నిరూపించలేదు. లోపం ఫలానా చోట ఉంటే ఫలం రాదని ముందుగానే చెప్పి, ఆ లోపాన్ని తొలగించి మళ్లీ చూపగలిగినప్పుడే అది సమాధానం అవుతుంది. ఫలం రానప్పుడల్లా తరువాత వెదికి తెచ్చేది ఉత్త సాకు. కాయ వయస్సు, మోతాదు, కాచే పద్ధతి, రోగి పరిస్థితి ముందే రాసి పెట్టడం ఆ పాత సూత్రాన్ని నిజాయితీగా పాటించడమే.

తొమ్మిదవ శతాబ్దపు కాశ్మీర నైయాయికుడు జయంతభట్టు న్యాయమంజరిలో ఈ పరీక్షావాదానికి గట్టి అడ్డు చెప్పాడు. ద్రవ్యాలు లెక్కలేనన్ని, వాటి కలయికలు, దేశకాలాలు, దేహప్రకృతులు అంతకన్నా లెక్కలేనన్ని. వాటన్నిటినీ అన్వయ వ్యతిరేకాలతో ఒక మనిషి తన ఆయుష్షులో తేల్చుకోలేడు కాబట్టి చరకాదుల జ్ఞానం వేరే రీతిలో సాక్షాత్తుగా కలిగినదై ఉండాలన్నాడు. ఈ ఆక్షేపాన్ని తేలికగా తీసివేయరాదు. పరీక్షలు చేయవలసిన కలయికలు నేటికీ అపారమే. కాని జ్ఞానం మొదట ఎలా పుట్టిందన్నది ఒక ప్రశ్న, ఈనాడు ఒక రోగికి దానిని ఏ ఆధారంతో ఇవ్వాలన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి ఋషిదర్శనమని విశ్వాసి జవాబు చెప్పుకోవచ్చు. రెండవదానికి ఆ దర్శనం నేటి మందులో, నేటి రోగిలో నిలిచిందని చూపవలసిందే. అన్ని కలయికలనూ ఒక్కరు పరీక్షించలేకపోవడం నిజమే గాని, ఒక్కొక్కదాన్ని ఒక్కొక్కరుగా తరతరాల పాటు పరీక్షించడం అసాధ్యం కాదు.

పవిత్రత గురించి కూడా ఇక్కడ ఒక స్పష్టత కావాలి. మారేడు శివునికి ప్రీతికరమైన వృక్షం కావడం వల్ల దాని మందుకు అదనపు బలం ఉంటుందని భావించేవారు ఉన్నారు. చరకం మంత్ర, హోమ, మంగళాదులతో కూడిన దైవవ్యపాశ్రయ చికిత్సనూ, ఆహారాన్నీ ఔషధాన్నీ యోచనతో కూర్చే యుక్తివ్యపాశ్రయ చికిత్సనూ, మనోనిగ్రహ రూపమైన సత్త్వావజయాన్నీ వేరువేరుగా పేర్కొంది. పూజలో మారేడుదళానికి ఉన్న స్థానం మొదటిదానికి చెందినది, కషాయంలో కాయకు ఉన్న మోతాదు రెండవదానికి చెందినది. ఒకదాని గౌరవంతో మరొకదాని కొలతను నిర్ణయించడం గ్రంథం చేసిన విభజనను చెరిపివేయడమే. తెలుగు ఇళ్లలో వినాయక చవితికి సమర్పించే ఏకవింశతి పత్రిని గమనించినా ఈ సంగతి తెలుస్తుంది. అందులో మారేడు, తులసి, దానిమ్మ ఉన్నాయి. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉన్నాయి. ఉమ్మెత్త మతి చలింపజేస్తుంది, గన్నేరు గుండెను ఆపగలదు. దేవుని పాదాల చెంతకు అన్నీ సమానంగానే చేరుతాయి, మనిషి కడుపులోకి అలా చేరరాదు. మొక్క నుంచి వచ్చినంత మాత్రాన మందు నిరపాయం కాదు. అతిమధురాన్ని ఎక్కువ రోజులు వాడితే రక్తపోటు పెరగడం, పొటాషియం పడిపోవడం ఇందుకు మరొక ఉదాహరణ. తెలియని ఔషధం విషంతో సమానమని చరకం చేసిన హెచ్చరిక మూలికల గురించే చేసినదని మరువరాదు.

వాత్స్యాయనుడు చెప్పిన మూడు లక్షణాల దగ్గరికి తిరిగి వస్తే, ఉదరవ్యాధికి మూలిక చెప్పేవారి ధర్మం ఏమిటో తేటపడుతుంది. భూతదయ ఉన్నవారికి విరేచనాల రోగిలో మొదట కనబడవలసినది బాక్టీరియా కాదు, దేహం నుంచి జారిపోతున్న నీరూ ఉప్పూ. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు నిండిన బంగావ్ శిబిరంలో డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీటిని విస్తృతంగా తాగించినప్పుడు కలరా మరణాలు సుమారు 30 శాతం నుంచి 3.6 శాతానికి దిగాయి. వెలగ, మారేడు, పులిచింత, మజ్జిగ, దానిమ్మలతో కాచిన గంజిని చరకం అతిసారానికి చెప్పడంలో కూడా మందునూ ద్రవాన్నీ ఆహారాన్నీ విడదీయని చూపు ఉంది. బియ్యపు పిండితో చేసిన పునర్జలీకరణ ద్రావణం కలరా రోగులలో విరేచనాల పరిమాణాన్ని తగ్గిస్తుందని తరువాతి పరీక్షలు కూడా తేల్చాయి. రక్తం పడినా, తీవ్రమైన జ్వరం ఉన్నా, పసిబిడ్డ కళ్లు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా, పుండు ఉన్నవారికి మలం తారులా నల్లగా వచ్చినా ఇంటి కషాయంతో కాలం గడపకుండా ఆసుపత్రికి పంపడం దయకు తొలి రూపం.

ఉన్నదున్నట్టు చెప్పాలన్న కోరిక ఉన్నవారు మారేడు గురించి, అది బాక్టీరియాను చంపదు, దాని హానిని తగ్గించవచ్చు అంటారు. వెల్లుల్లి గురించి, అది హెలికోబాక్టర్‌ను తొలగించదు అంటారు. బెర్బెరిన్ గురించి, అది కొన్ని విరేచనాలలో మేలు చేసింది, కలరాలో అంతగా చేయలేదు అంటారు. ఇలా హద్దులతో సహా చెప్పిన మాట చిన్నదిగా కనిపించవచ్చు, కాని ఆప్తవాక్యం అనిపించుకునేది అదే. హద్దులు దాచి చెప్పిన మాట ఎంత ప్రాచీనమైన పేరుతో వచ్చినా ఆప్తవాక్యం కాదు, ఎంత నవీనమైన పేరుతో వచ్చినా కాదు. గౌతముడు వేదానికి దృష్టాంతంగా నిలపదగినంతగా ఔషధవిద్యను నమ్మాడు. ఆ నమ్మకానికి తగినట్టు ఆ విద్యను నిలబెట్టవలసినవారు దానిని పరీక్ష నుంచి తప్పించేవారు కారు, ప్రతి మూలికనూ ప్రతి తరంలోనూ మళ్లీ పరీక్షించి, నిలిచినదాన్ని కృతజ్ఞతతో వాడి, నిలవనిదాన్ని గౌరవంగానే పక్కన పెట్టగలిగేవారు.